దేవుడి కింద చప్పుడు

పారాయణం పేరు చెప్పి ప్రతి శుక్రవారం నిర్మలాదేవి కారు తీసుకుని ఎక్కడికి పోతుందో ఇంట్లో వాళ్ళకు తెలియదు గానీ, మనకు తెలుసు. ఎక్కడికీ పోదు. కరీంనగర్ దాటి, చొప్పదండి దాటి, రాయపట్నం వంతెన పక్కన మట్టి దారిలో గోదావరి ఒడ్డుకు దిగి, ఇంజన్ ఆపి, ఫ్లాస్కులో చాయ్ తాగుతూ పాటలు విని తిరిగి వస్తుంది. అంతే. పోయిన వారం ఆ పాటల్లో రొద ఎక్కువై సగం దారి నుంచే వెనక్కి వచ్చింది. ఇంత తొందరగా ఎందుకు వచ్చావని భర్త దామోదర్‌రావు అడగలేదు. ఆమె వెళ్ళిన సంగతే ఆయన గమనించలేదు.

అందుకే ఈ శుక్రవారం పారాయణం భూమన్న దుకాణంలో జరిగింది.

జగిత్యాల రోడ్డులో ఆ కారు సామాన్ల దుకాణం సీటు కవర్ల అడవిలా ఉంటుంది. ఆ అడవిలోంచి భూమన్న స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని బయటికి వచ్చాడు. కారును చూడగానే అతని ముఖంలో, మళ్ళీ మళ్ళీ వచ్చే చుట్టాన్ని చూసినప్పటి మర్యాద కనిపించింది.

"మళ్ళ అదే సప్పుడా అమ్మా?"

"అదే. కొంచెం రాగం నేర్చుకున్నది."

ఆ మాట నిజం. మొదట్లో అది దోమ రొద. ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే పై స్థాయికి, వదిలితే కింది స్థాయికి, పద్ధతిగా సాధన చేస్తోంది. పాటలో హార్మోనియం ఎక్కడ ఆగి ఇది ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టమైపోయింది. భూమన్న ఒకసారి వైర్లు మార్చాడు. ఇంకోసారి ఫిల్టరు వేశాడు. ఈసారి చేతులు తుడుచుకుంటూ అసలు మందు చెప్పాడు.

"పాటల సెట్టు మారిస్తే అయిపోతది అమ్మా. పెద్ద స్క్రీనుది ఏస్త. నడుపుకుంట సినిమాలు గూడ సూడొచ్చు."

"సినిమా ఐపోకముందే నేను ఐపోత భూమన్నా. ఉన్నదాన్నే సక్కగ జెయ్యి."

నిర్మలాదేవి డిగ్రీలో ఫిజిక్స్ చదివింది. పెళ్ళయ్యాక ఆ చదువుకు దొరికిన ఒకే ఒక్క ఉద్యోగం, ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడు "ఫ్యూజు పోయింది" అని ప్రకటించడం. ఇన్నాళ్ళకు దానికి కొంచెం పని తగిలింది. ఆమె కారులో కూర్చుని ఇంజన్ ఆపింది, రొద ఆగింది. ఇంజన్ ఆన్ చేసింది, వచ్చింది. పాట గొంతు పూర్తిగా తగ్గించింది. పాట పోయింది గానీ రొద పోలేదు.

"పాటల నుంచి గాదు, ఏరియల్ నుంచి గాదు," అంది. "సెట్టుకు వచ్చే కరెంటులనే కలుస్తున్నది."

"నాగ్గూడ గట్లనే కొడ్తున్నది," అన్నాడు భూమన్న. "ఇగ ఒక్కటే తొవ్వ. ఒక్కొక్కటి విప్పుకుంట పోవాలె. ఏది విప్పినంక ఊకుంటదో, గదే దొంగ."

ఏరియల్ పీకారు. పెన్‌డ్రైవ్ తీశారు. ఫోను ఛార్జరు తీశారు. వెనక స్పీకర్లు విడదీశారు. మిగిలిన స్పీకర్లలో రొద మాత్రం, ఇంత మంది లేచి పోయినా విస్తరి ముందు నుంచి లేవని బంధువులా, అలాగే కూర్చుని ఉంది.

"ఇంకేం మిగిలింది?" అంది ఆమె.

"ఏం మిగల్లే."

"ఆయన మిగిలిండు గద."

భూమన్న ఆమె వేలు చూపిన వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. డాష్‌బోర్డు మీద అరచేతి ఎత్తు ఆంజనేయస్వామి. తల వెనక చక్రంలో ఎరుపు, ఆకుపచ్చ బల్బులు ఒకదాని వెంట ఒకటి పరిగెడుతున్నాయి.

"దేవునికి, సప్పుడుకు ఏం సంబంధం అమ్మా?"

"ఆ బల్బులు ఎవరి కరెంటు తాగుతున్నయో చూసినవా?"

"చూడలే. ఎన్నిసార్లు సెట్టు విప్పినా ఆయన తొవ్వకు పోలే. కొండగట్టుల పూజ జేపిచ్చి కూసోబెట్టినట్టున్నరు. దేవుని లైటు నేను తియ్య."

"దేవుణ్ణి తియ్యమంటలేను. లైటే."

"లైటు తీస్తే దేవుణ్ణి చీకట్ల పెట్టినట్టు గాదా?"

"రాత్రి గుడి తలుపులు గూడ మూస్తరు గద భూమన్నా."

భూమన్న కొంచెం ఆలోచించి, ఆ పాయింటు కాదనలేక, అట్లని ఒప్పుకోలేక, పక్క కొట్టు నుంచి ఒక బంతిపువ్వు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తాను సీటు కవర్ల వైపు తిరిగి నిలబడ్డాడు. తను చూడకుండా జరిగితే తన ఖాతాలో పడదని లెక్క.

పువ్వు పెట్టిందే గానీ, నిర్మలాదేవి చెయ్యి వెంటనే కదల్లేదు. ఆ దేవుడు కారుతోబాటు వచ్చినవాడు. పోయిన ఏడు శ్రీరాంపూర్‌లో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో, సారయ్య అనే ఆయన దగ్గర కొన్నారు ఈ కారు. చొక్కా కొనడానికి కూడా నాలుగు దుకాణాలు తిరిగే దామోదర్‌రావు ఈ బండిని మాత్రం చూసిన పూటే ఖాయం చేశాడు. కొడుకు సన్నీ పని మీద బొంబాయి పోయాడని, నడిపేవాడు లేక అమ్ముతున్నామని సారయ్య చెప్పాడు. సారయ్య భార్య రాజక్క ఏమీ చెప్పలేదు. బయల్దేరేటప్పుడు మాత్రం కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి నిర్మలాదేవి చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, ముంగటి దేవుణ్ణి మాత్రం తియ్యకుండ్రి," అంది. తియ్యనని నిర్మలాదేవి మాటిచ్చింది.

తియ్యడం లేదు, లైటే కదా, అని ఆమె తనకు తాను ఇంకోసారి చెప్పుకుని వైరు లాగింది.

రొద ఆగిపోయింది.

భూమన్న గిరుక్కున తిరిగాడు. తలకాయ డాష్‌బోర్డు కిందికి దూర్చి, టార్చి వేసి, కిందినుంచే తీర్పు చెప్పాడు. "దేవునిది, సెట్టుది, రెండు నల్ల వైర్లు ఒక్కటే స్క్రూకు బిగిచ్చిండ్రు అమ్మా. అదేమో తుప్పువట్టి ఉన్నది. గందుకే ఒకని లొల్లి ఇంకొకనికి ఎక్కుతున్నది." ఉమ్మడి కుటుంబాల సంగతి నిర్మలాదేవికి ఫిజిక్స్ కంటే బాగా తెలుసు గనుక ఆమెకు వెంటనే అర్థమైంది.

రొద పోయాక కారు ఉన్నట్టుండి పెద్దదైపోయినట్టు అనిపించింది. నాలుగు ఖాళీ సీట్లు, ఒక మనిషి. ఇంతకాలం విసుక్కున్నది గానీ, ఆ దోమపాట కూడా ఒక తోడుగానే ఉందని ఇప్పుడు తెలిసింది. ఆ వెలితిలో, చాలా సన్నగా, ఇంకో చప్పుడు వినిపించింది.

టిక్. టిటిక్. టిటిక్.

అది ఆమెకు కొత్త కాదు. గోదావరి ఒడ్డున ఇంజన్ ఆపాక అప్పుడప్పుడు వినిపించేది. కారులో బల్లి చేరిందేమో అనుకుంది మొదట. ఆ తర్వాత అనుకోవడం మానేసి, దానితో మాట్లాడటం మొదలుపెట్టింది. మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట సత్యమంటారు. ఒడ్డున కూర్చుని ఆమె పైకే అనేది: "ఇయ్యాల నేను లేకపోతే ఇంట్ల ఎవలకన్న తెలుస్తదా?" టిటిక్, అనేది అది. "నా వంట గూడ ఆయనకు హోటల్ల తిన్నట్టే ఉంటదేమో." టిటిక్. ఇంట్లో ఏ మనిషీ ఆమె మాటకు అంత వెంటనే ఒప్పుకున్నది లేదు.

"గిది ఫోను సప్పుడమ్మా," అన్నాడు భూమన్న. "ఫోను సిగ్నలు పంపేటప్పుడు స్పీకరు గట్ల కొట్టుకుంటది."

ఆమె ఫోను, భూమన్న ఫోను రెండూ తీసుకుపోయి దుకాణం లోపల గల్లాపెట్టె మీద పెట్టి వచ్చారు. కారులో కూర్చుని చెవులు రిక్కించారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత, టిక్. టిటిక్.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కారులో ఇంకో ఫోను ఉంది.

దేవుడి వైరు పట్టుకుని వెతికితే దొరికింది. పీఠం కిందినుంచి రెండు వైర్లు కాదు, నాలుగు దిగుతున్నాయి. రెండు బల్బులవి. మిగతా రెండు డాష్‌బోర్డు వెనక్కి పోయి, నల్ల టేపు చుట్టిన ఒక చిన్న డబ్బాలో ఆగాయి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. భూమన్న టేపు విప్పాడు. లోపల ఒక సిమ్ము, కన్ను కొడుతున్న ఒక పచ్చ చుక్క.

అతను డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. గొంతు తగ్గించాడు.

"జీపీఎస్ అమ్మా. లారీలకు పెడ్తరు. బండి యాడ తిరుగుతున్నదో, యాడ ఆగిందో ఫోన్ల సూసుకునేతందుకు."

"ఎవరి ఫోన్ల?"

"ఎవలు పెట్టిచ్చుకుంటే వాళ్ళ ఫోన్ల."

"నువ్వు పెట్టలే గద?"

భూమన్న నొచ్చుకున్నాడు. "నేను పెడితే గింత అధ్వానంగ పెడ్తనా? టేపు సూడుండ్రి, ఎట్ల సుట్టిండో." తర్వాత మెల్లగా, ఆమె వైపు చూడకుండా, "సారే పెట్టిచ్చిండేమో. మీరు ఒక్కరే తిరుగుతరు గద, జర ఫికర్‌తోని," అన్నాడు.

"ఇందుల మాటలు గూడ వినబడ్తయా?"

"కొన్నిట్ల మైకు ఉంటది. గిందుల ఉన్నదో లేదో నేను జెప్పలేను."

నిర్మలాదేవి సీట్లో వెనక్కి వాలింది. ముందు కోపం వస్తుందనుకుంది. రాలేదు, సిగ్గు వచ్చింది. దొంగచాటుగా ఎవరినో కలిసే మనిషైతే సిగ్గుపడటానికి కనీసం ఒక కారణం ఉండేది. ఎవరో తమ ఫోనులో ఒక చుక్కను చూశారు. ఆ చుక్క ఊరు దాటి పోయి, ఏటి ఒడ్డున ఆగి, ఎవరూ రాక, ఎవరూ పోక, మళ్ళీ కదిలి ఇంటికి వచ్చింది. ప్రతి శుక్రవారం. రహస్యం ఏదో ఉందని కాదు, ఏమీ లేదని తెలిసిపోయింది. ఇంక ఒడ్డుకు పోయినా అక్కడ తను ఒక్కతే ఉండదు. తనదని ఉన్న ఆ ఒక్క పూట కూడా ఎవరి చేతిలోనో ఉంది.

ఎవరి చేతిలో? హైదరాబాద్‌లో ఉన్న కొడుకు విక్రాంత్‌కు తల్లి కారు నడుపుతుందని ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు, వాడు కాదు. మిగిలింది ఒక్కరే. భర్తను అడగవచ్చు. అడిగితే "లేదు" అంటాడు. అది నిజమో అబద్ధమో ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ ఆమె చెప్పలేకపోయింది. ఏది విప్పినంక ఊకుంటదో గదే దొంగ, అన్నాడు భూమన్న. ఆ చుక్క దారి తప్పితే, ఊకోకుండా అరిచేది కూడా దొంగే అవ్వాలి కదా.

"దీన్ని బండిల నుంచి తీస్తే ఆగిపోతదా?" అంది.

"లోపల చిన్న బ్యాటరీ ఉంటది. పొద్దుగూకేదాక నడుస్తది."

పక్కన టైర్ల దుకాణం ముందు, సామాన్ల ట్రాలీ నడిపే ముత్తయ్య తన బండికి తాళ్ళు బిగిస్తున్నాడు. ఆసిఫాబాద్ లోడు. నిర్మలాదేవి దిగి అటు నడిచింది.

"ముత్తయ్యా, ఏ తొవ్వల పోతవు?"

"లక్సెట్టిపేట మీదికెళ్ళే అమ్మా. మాపటికి ఆసిఫాబాద్ల పడ్త, రేపు వాపస్ వస్త."

"ఈ డబ్బ నీ బండిల పెట్టుకొని పొయ్యి, మళ్ళ తెచ్చి భూమన్నకియ్యి."

"ఆడ ఎవలకియ్యాలె?"

"ఎవలకొద్దు. ఊరు చూసి వస్తది."

ముత్తయ్య భూమన్న వైపు చూశాడు. భూమన్న సీటు కవర్ల వైపు చూశాడు. పెద్దింటి వాళ్ళకు సవాలక్ష మొక్కులుంటాయనుకుని ముత్తయ్య ఆ డబ్బాను జాగ్రత్తగా, కళ్ళకద్దుకుని మరీ, స్టీరింగు పక్కన పెట్టుకున్నాడు.

దామోదర్‌రావు భోజనానికి వచ్చేసరికి వల బాగా పరుచుకుని ఉంది. ఆయనది గ్రానైట్ వ్యాపారం. మాటలు కూడా పెద్ద పెద్ద బండలుగా, అరుదుగా వస్తాయి. పప్పు వడ్డించింది. పచ్చిపులుసు పోసింది. ఈపాటికి ట్రాలీ గోదావరి దాటి ఉంటుంది. ఆయన ఫోను కంచం పక్కనే ఉంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నిర్మలాదేవి గరిటె పట్టుకుని ఊపిరి బిగపట్టింది.

బండను కోసే కొత్త మిషను వీడియో. ఆయన దాన్ని పూర్తిగా చూశాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు.

"ఆసిఫాబాద్ ఎంత దూరం ఉంటదండి?" అంది.

"ఎందుకు?"

"ఊకనే."

"ఉంటది దూరం." కొంచెం ఆగి, "పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఎక్కువైంది," అన్నాడు.

ఈయన కాదు. నిర్మలాదేవికి గుండె తేలికపడాలి నిజానికి. పడలేదు. మొగుడు తన మీద నిఘా పెట్టలేదని ఇంతగా చిన్నబోయిన ఆడది కరీంనగర్ జిల్లాలో ఇంకొకతె ఉండదేమో అనుకుంటూ, ఆయనకు పెరుగు వేసింది. నిఘా పెట్టాలన్నా మనిషి మనసులో ఉండాలి కదా.

అప్పుడు ఆమె ఫోను మోగింది. తెలియని నంబరు.

"అమ్మా," అంది అవతలి ఆడగొంతు, ఆయాసపడుతూ. "మంచిగున్నరా? బండికి ఏం గాలే గద?"

"ఎవరు?"

"ఇయ్యాల గోదారి కాడ ఆగలే మీరు. ఆగకుంటనే దాటిండ్రు. మంచిర్యాల గూడ దాటి పోతున్నరు. నా పాణం ఆగలేక జేసిన. నేను రాజక్కనమ్మా, శ్రీరాంపూర్. బండి అమ్మినోల్లం."

నిర్మలాదేవి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కిటికీలోంచి లోపలికి వచ్చి తన చెయ్యి పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. దేవుణ్ణి ఎందుకు తియ్యొద్దన్నదో ఇప్పుడు తెలిసింది.

"అక్కా," అంది. "ఆ డబ్బ మీరా పెట్టింది?"

"నేను పెట్టలే. మా సన్నీ పెట్టిండు. దోస్తులు బండి అడిగి తీస్కపోతుంటరని. నువ్వు గూడ సూసుకో అవ్వా అని నా ఫోన్ల గూడ ఏసిచ్చిండు. బండి అమ్మినంక తీసెయ్యాలె. మనసొప్పలే. సిమ్ము ఆగనియ్యకుంట పైసలేసి నడుపుకుంటొస్తున్న. మా ఆయనకు గూడ తెల్వది. నీ నంబరు బండి పేరు మార్చిన కాయిదాల మీద ఉండె; పెట్టుకున్న గని ఎన్నడు జెయ్యలే." మీరు అన్నది ఎప్పుడు నువ్వైపోయిందో ఇద్దరూ గమనించలేదు. "కోపం జెయ్యకు బిడ్డా. మాటలు ఇనబడయి. సుక్క ఒక్కటే కనబడ్తది."

"ఆ చుక్కను చూసి ఏం చేస్తవక్కా?"

"ఏం జేస్త. శుక్కురారం నువ్వు గోదారి కాడ ఆగుతవు గద. నువ్వు ఆగంగనే నేను గూడ ఈడ చాయ్ పెట్టుకుంట. నువ్వు కదిలేదాక తాగుకుంట కూసుంట."

ఒడ్డున తను ఒక్కతే అనుకున్న అన్ని శుక్రవారాలూ, ఎక్కడో ఒక బొగ్గుబాయి క్వార్టర్లో ఇంకో చాయ్ గ్లాసు ఉండిందన్నమాట.

"సన్నీకి చెప్తవా, నేను ఎక్కడ తిరిగేది?" అంది.

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"బొంబాయి పోయిండని జెప్పినం గద. పోలే బిడ్డా. యాడికి పోయిండో మాకు ఎరుకలే. బండి ఒక్కటే దొరికింది. తాళంచెవి దానికే ఉండె. దొరికింది యాడనో తెలుసా? ఇప్పుడు నువ్వు ఆగుతవే, గక్కడనే. మట్టితొవ్వ దిగినంక, గదే జాగల." రాజక్క గొంతు చాలా నెమ్మదిగా, ఎన్నాళ్ళుగానో సాధన చేసిన ప్రశ్నలా వచ్చింది. "పెద్ద రోడ్డు మీదికెళ్ళి ఆ జాగ కనబడది. అట్లున్నా నువ్వు పోయినప్పుడల్ల ఆడనే ఆగుతవు. నా కొడుకు నీకు గాని ఎరికేమో అని, అడిగితే ఆగుడు బంద్ జేస్తవేమో అని, ఇన్నొద్దులు అడగలే. ఆ జాగ నీకు ఎవలు సూపెట్టిండ్రు బిడ్డా?"

నిర్మలాదేవి తలెత్తి చూసింది. దామోదర్‌రావు పెరుగన్నం కలుపుతున్నాడు.

కారు కొన్న రోజు, శ్రీరాంపూర్ నుంచి వస్తూ, వంతెన దగ్గర ఆయన ఉన్నట్టుండి స్టీరింగు తిప్పి మట్టిదారిలోకి దించాడు. "జర గాలి పీల్చుకుందాం," అన్నాడు. దిగి, నీళ్ళ దాకా నడిచి, చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు. ఆమె కారులోంచి ఆ వీపును చూసింది. ఈ మనిషి నాకొక అందమైన చోటు చూపించాడు అనుకుంది. కాపురంలో మొదటిసారి. దారి అడగకుండా, తడుముకోకుండా సరిగ్గా ఆ మలుపులోనే ఎలా దించాడో, ఈ బండినే అంత తొందరగా ఎందుకు కొన్నాడో, అప్పుడు తట్టనే లేదు. ఆ ఒక్క సంతోషాన్ని పట్టుకునే ఆమె మళ్ళీ మళ్ళీ అక్కడికి పోయింది.

"ఎవలు ఫోన్ల?" అన్నాడు దామోదర్‌రావు, తలెత్తకుండా.

"అక్కా," అంది నిర్మలాదేవి ఫోనులోకి. "చూపెట్టినాయన నా ముంగటనే ఉన్నడు. అన్నం తింటుండు. నువ్వే అడుగు."

స్పీకరు ఆన్ చేసి, ఫోనును మామిడికాయ పచ్చడి జాడీ పక్కన పెట్టింది. లైను శుభ్రంగా ఉంది. శ్రీరాంపూర్‌లో రాజక్క ఊపిరి తీసుకోవడం కరీంనగర్‌లో భోజనాల బల్ల మీద వినిపించింది.

"దొరా," అంది ఆ గొంతు. "మా సన్నీ మీకు ఎరికేనా?"

కంచంలో దామోదర్‌రావు చెయ్యి ఆగింది. ఆయన ఫోనును చూడలేదు, భార్యను చూశాడు. సరిగ్గా, పూర్తిగా, చాలా ఏళ్ళ తర్వాత.

"కట్ చెయ్ నిర్మలా," అన్నాడు.

చాలా మెల్లగా అన్నాడు. ఆ గొంతు అడుగున ఒక సన్నటి వణుకు ఉంది. అది ఈ రోజు పుట్టింది కాదని నిర్మలాదేవికి వినగానే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆమెకు వినపడలేదంతే. ఇంట్లో ఎప్పుడూ వేరే రొద ఏదో ఉండేది.

ఆమె కట్ చెయ్యలేదు.